దుఃఖమనుకున్న నొప్పి

నా భార్య సరోజన పోయిన మూడో రోజు పొద్దున, పిట్టకు పెట్టడానికి నడిచి వెళ్తుంటే నాకు మొదటిసారి ఛాతీ పట్టేసింది.

పిట్టకు పెట్టడం తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి చెబుతాను. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి, దహనం చేసిన చోటికి తీసుకుపోయి, విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతాం. ఆ గంప మోయాల్సింది కొరివి పెట్టినవాడే. మాకు పిల్లలు లేరు. కొరివి పెట్టిందీ నేనే, గంప ఎత్తుకున్నదీ నేనే. కాళ్లకు చెప్పులు లేవు, గాలీధూళీ సోకకుండా నడుముకు చిన్న ఇనుప కత్తి, భుజం మీద తెల్లగుడ్డ. సరోజన మూడేళ్లు డయాలసిస్ మీద బతికింది. టమాట వద్దు, అరటిపండు వద్దు, కొబ్బరి వద్దు, నీళ్లు కూడా కొలిచి తాగాలన్నారు. ఆ రోజు గంపలో అవన్నీ ఉన్నాయి. బతికున్నప్పుడు ఆమె చేతిలోంచి లాక్కున్నవాటిని ఇప్పుడు నేనే మోసుకుపోతున్నానని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

సగం దారిలో రొమ్ము మధ్యలో బరువు పడింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా గుంజింది. గంప కింద పెట్టకూడదు కాబట్టి పెట్టలేదు. ఆగి ఊపిరి తీసుకుంటుంటే వెనకాల నడుస్తున్న చిన్నత్త రాజమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె సరోజన తల్లికి చెల్లెలు. మా ఇళ్లలో మంచికైనా చెడుకైనా ఆమె చెప్పిన పద్ధతే నడుస్తుంది.

"అల్లుడా, మూడొద్దుల సంది చూస్తాన, నీ కంట్ల సుక్క నీళ్లు రాలే. దుక్కమంత గుండెల పెట్టుకున్నవ్. ఏడువు. ఏడిస్తె తేలికైతది" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. నేనూ అవుననుకున్నాను. భార్య పోయినవాడికి ఛాతీ బరువుగా ఉండక ఎవరికుంటుంది? నా జబ్బుకు మొట్టమొదట పేరు పెట్టింది చిన్నత్త, ఆ పేరు దుఃఖం. అది ఎంత బాగా సరిపోయిందంటే, ఐదో రోజు దాకా ఎవరికీ అనుమానం రాలేదు.

నా పేరు సాంబయ్య. యాభై ఏడేళ్లు. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోడ్డులో మోటర్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బావి మోటర్లు విప్పి, కొత్త రాగి తీగ చుట్టి, మళ్లీ నడిచేటట్టు చేసి ఇవ్వడం నా పని. మిర్చి సీజన్‌లో ఆ రోడ్డు మీద అందరూ దగ్గుతారు. ఛాతీ మండుతోందని అక్కడ ఎవరికైనా చెబితే నవ్వుతారు. షుగర్ ఉందని నాకు తెలుసు. గుర్తొచ్చిన రోజు గోలీ వేసుకునేవాణ్ని. సరోజన గోలీలు మాత్రం ఒక్కటి తప్పనివ్వలేదు. వారానికి మూడుసార్లు ఆమెను డయాలసిస్‌కు తీసుకుపోయి నాలుగేసి గంటలు పక్కన కూర్చున్నాను. బీపీ మిషన్ నా మోచేతి పక్కనే ఉండేది. ఒక్కసారీ చెయ్యి అందులో పెట్టలేదు.

పిట్టకు పెట్టి వచ్చాక నన్ను ముందరి గదిలో మూలకు చాప వేసి కూర్చోబెట్టారు. మా ఇళ్లలో కర్మ పట్టినవాడు పదకొండో రోజు దాకా ఇల్లు దాటకూడదు. ఒంటిపూట తినాలి. ఎవరినీ తాకకూడదు, అతన్ని ఎవరూ తాకరు. అవమానమని కాదు, పద్ధతి. కంచం నేల మీద పెట్టి నా వైపు జరిపేవాళ్లు. ఇంటినిండా చుట్టాలు. వంటింట్లో మాటలు, బయట కుర్చీల చప్పుడు. ముప్ఫై ఏళ్లు నా పక్కన పడుకున్న మనిషి లేదు, ఉన్నవాళ్లెవరూ నన్ను ముట్టుకోరు. అంతమంది మధ్య అంత ఒంటరితనం ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

నాలుగో రోజు దవడ నొప్పి పుట్టింది. పిప్పిపన్ను అనుకున్నాను. సాయంత్రం కడుపు ఉబ్బినట్టయింది, వాంతి వచ్చేటట్టయింది. "ఒంటిపూట తిండి, గ్యాస్ పట్టింది" అని ఎవరో జిలకర నీళ్లు పంపారు. నేను తాగాను. మోటర్ వేడెక్కిందంటే చెయ్యి పెట్టి చూసి చెప్పగలను, ఇంకెంతసేపు నడుస్తుందో. నా ఒంటి సంగతి మాత్రం నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే, తట్టినా నేను లేచేవాణ్ని కాదు. పదో దినం పిండం నా చేతి మీదుగానే జరగాలి. సరోజనకు నేను చేయగలిగింది ఇంకేం మిగిలింది?

ఐదో రోజు పొద్దున విడిచిన బట్టల కోసం లక్ష్మక్క వచ్చింది. మా వీధి మలుపులో ఇస్త్రీ బండి ఆమెది. చావు ఇళ్ల బట్టలు ముట్టడం ఆమె పని కాబట్టి నన్ను ముట్టడానికి ఆమెకు అడ్డు లేదు. నా భుజం మీది గుడ్డ తీయబోయి ఆగిపోయింది. గుడ్డ పిండితే నీళ్లు కారేటట్టు తడిసి ఉంది. అరచేతి వెనుక భాగం నా మెడ మీద పెట్టింది. ఐదు రోజుల్లో నన్ను తాకిన మొదటి చెయ్యి అది.

"తమ్మీ, ఒళ్లు మంచులెక్కున్నదేంది? నొస్తాందా?"

"ఏం లేదక్కా."

"ఏం లేదా? నా పెనిమిటి గూడ గిదే మాట అన్నడు. అన్నంక అరగంటకు లేడు." లక్ష్మక్క గొంతు పెంచి నా బామ్మర్దిని పిలిచింది. "ఓ రవీందరూ! ఇది ఏడుపు సెమట కాదు. జర బండి తియ్యి. దవాఖానకు పోవాలె."

రవీందర్ సరోజన తమ్ముడు. నెక్కొండలో ఎరువుల దుకాణం ఉంది. వాడు పరుగెత్తుకొచ్చాడు. వాడి వెనకే చిన్నత్త.

"కర్మ పట్టినోడు గడప దాటుడేంది? అయిదొద్దులు ఆగలేరా? డాక్టర్ను ఇంటికి పిలువుండ్రి" అంది చిన్నత్త.

నేను కూడా అదే అన్నాను. "వద్దురా. పదకొండు దినాలు అయినంక పోదాం" అన్నాను. లక్ష్మక్క ఎవరి మాటా వినలేదు. నా రెక్క పట్టుకుని లేపింది. గడప దగ్గర చిన్నత్త నా నడుముకున్న కత్తి తీయనివ్వలేదు. ఆ కత్తితోనే క్యాజువాల్టీకి పోయాను. అక్కడి సెక్యూరిటీ మనిషి ముందు దాన్ని చూసి, తర్వాత నా ముఖం చూసి, తలుపు తీశాడు.

హనుమకొండలోని ఆ ఆసుపత్రిలో ఈసీజీ తీసిన డ్యూటీ డాక్టర్ చిన్నపిల్ల. కాగితం చూసి అంది: "అంకుల్, అటాక్ ఇప్పుడు నడుస్తాంది. ఎప్పటి నుంచి నొప్పి?" మూడో రోజు నుంచి అన్నాను. "ఏ మూడో రోజు?" అని అడిగింది. రవీందర్ చెప్పాడు. ఆమె మందుల ట్రాలీ దగ్గరికి లాక్కుంది. తర్వాత నాలుగు గోలీలు నా అరచేతిలో పోసి నమిలి మింగమంది. రక్తాన్ని పలచన చేసేవి అని చెప్పింది.

మణికట్టు నుంచి తీగ పంపి యాంజియోగ్రామ్ చేశారు. నేను టీవీ వైపు చూస్తూ పడుకున్నాను. నల్లటి తీగలు చుట్టలు చుట్టలుగా కనిపించాయి. మూడు చోట్ల తీగ సన్నబడి దారంలా అయింది. చూడటానికి నాకు డాక్టర్ అక్కర్లేకపోయింది. కార్డియాలజిస్టు గుమ్మంలో నిలబడి రవీందర్‌కు చెబుతుంటే విన్నాను. "లెఫ్ట్ మెయిన్ తొంభై శాతం మూసుకుపోయింది. ట్రిపుల్ వెసెల్ డిసీజ్, మూడు రక్తనాళాల్లోనూ అడ్డాలు. ఇవి స్టెంట్ వేసే బ్లాకులు కావు. బైపాస్ చేయాలి."

ఆ సాయంత్రం సర్జన్ వచ్చాడు. పొట్టి మనిషి, మెల్లగా మాట్లాడతాడు. "సాంబయ్య గారూ, అటాక్‌లో ఉన్నప్పుడు బైపాస్ చేయడం మామూలు బైపాస్ లాంటిది కాదు, రిస్క్ ఎక్కువ. పైగా పొద్దున ఇచ్చిన గోలీలతో రక్తం పలచబడింది. ఇప్పుడు కోస్తే ఆగదు. మందులతో నొప్పి తగ్గింది కాబట్టి ఐదు రోజులు ఆగుదాం. కానీ ఒక మాట. ఈ ఐదు రోజుల్లో నొప్పి మళ్లీ వస్తే మాత్రం ఆగం, వెంటనే చేస్తాం. వచ్చిన నిమిషానికే సిస్టర్‌కు చెప్పాలి. అర్థమైందా?"

అర్థమైంది. నా లెక్క వేరే ఉంది. ఐదు రోజులంటే సరిగ్గా పదో దినం. ఆ పొద్దున ఒక్క పూట వదిలిపెట్టమని కాళ్లు పట్టుకుని అడుగుదాం, పిండం పెట్టి వచ్చి ఆపరేషన్ టేబుల్ ఎక్కుదాం అనుకున్నాను. అప్పుడు పోయినా ఫికర్ లేదు.

సీసీయూలో పగలూ రాత్రీ ఒకే లైటు. మిగిలిన బెడ్ల దగ్గరికి ములాఖాత్ టైములో మనుషులు వచ్చేవారు. నా దగ్గరికి ఎవరూ రాలేదు. చావు అంటు ఉన్న ఇంటివాళ్లు దవాఖానకు వచ్చి వేరే పేషెంట్ల మీద పడకూడదని చిన్నత్త కట్టడి చేసింది. మా తరఫువాళ్లందరూ ఆ అంటులోనే ఉన్నారు. రవీందర్ ఒక్కడే రోజుకు ఒకసారి వచ్చి అద్దం అవతల నిలబడి చెయ్యి ఊపి పోయేవాడు. ఇంటి దగ్గర వచ్చేపోయేవాళ్లను వాడే చూసుకోవాలి. ఆ మూడు రోజుల్లో నా ఫోన్ మోగింది రైతుల నుంచి మాత్రమే. రఘునాథపల్లి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, నన్ను చూసుకునే నర్సు మౌనిక సిస్టర్ స్పీకర్ ఆన్ చేసి నా చెవి దగ్గర పెట్టింది.

"అన్నా, మోటర్ అయిందా? వరి ఎండుతాంది. నీ షట్టర్ మూసున్నదేందే?"

"జర పని పడ్డది. నాలుగొద్దులైతది" అన్నాను.

"నువ్వు గిట్ల జేస్తె మేం ఎట్ల బతకాలె?" అని పెట్టేశాడు. సిస్టర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వు వచ్చింది. తర్వాత చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నాను. ఈ లోకంలో నా కోసం ఎదురు చూస్తున్నది కాలిపోయిన మోటర్ గలాయన ఒక్కడే.

ఎనిమిదో రోజు పొద్దున, టీ ఇచ్చే వేళకు ముందు, నొప్పి మళ్లీ వచ్చింది. ఈసారి అనుమానం లేదు. రొమ్ములో మొదలై వీపులోకి దిగింది. బెల్లు నా చేతికింద ఉంది. నొక్కలేదు. ఇప్పుడు చెబితే ఈ రోజే కోస్తారు. పదో దినానికి ఇంకా రెండు రోజులు ఉంది. అప్పటిదాకా ఓర్చుకుంటే చాలు. దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. టీ వేళ ఎప్పుడో దాటాక మౌనిక సిస్టర్ రౌండుకు వచ్చింది.

"అంకుల్, నొప్పి ఉందా?"

"లేదమ్మా."

"మరి చెమటలేంది?"

"ఉక్కపోస్తాంది."

ఏసీలో అందరూ దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. ఆమె మానిటర్ వైపు చూసింది, నా వైపు చూసింది, ఈసీజీ మిషన్ తోసుకొచ్చింది. కాగితం బయటికొచ్చేసరికి ఆమె ముఖం మారిపోయింది. పది నిమిషాల్లో సర్జన్ నా మంచం దగ్గర ఉన్నాడు. బీపీ పడిపోతోందని ఎవరో అంటున్నారు.

"ఎప్పుడు మొదలైంది?"

"ఇప్పుడే సార్."

ఆయన వంగి, నా కళ్లలోకి చూశాడు. "నిజం చెప్పు. ఇప్పుడే మొదలైతే నేను చేసే పని ఒకటి. రెండు గంటలైతే ఇంకొకటి."

షాపుకు మోటర్ తెచ్చే రైతులందరూ ఇదే మాట చెబుతారు, ఇప్పుడే కాలిందని. కాలిన వాసన వస్తున్నా ఎంతసేపు నడిపించారో చెప్పరు. విప్పితే నాకు తెలిసిపోతుంది. నేను వాళ్లను తిట్టిన తిట్లు గుర్తొచ్చాయి.

"రెండు గంటలు దాటింది సార్" అన్నాను. ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను. పదో దినం సంగతి అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు చచ్చిపోతే ఆమెకు పిండం ఎవరు పెడతారు?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా థియేటర్ రెడీ చేయమని చెప్పి వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న నాకు ఎనిమిది రోజుల్లో ఒక్కసారి కూడా తట్టలేదు.

తొడ దగ్గరి నుంచి గుండెకు ఊతంగా బెలూన్ పంప్ పెట్టారు. తర్వాత ట్రిమ్మర్ పట్టుకుని ఒక టెక్నీషియన్ వచ్చాడు. ఛాతీ, చేతులు, రెండు కాళ్లు గబగబా గొరిగాడు. కాలి నరం తీసి గుండెకు కుడతారట. ముఖం దగ్గరికి వచ్చి, "మీసం గూడ తీయాలె అంకుల్. ట్యూబుకు ప్లాస్టర్ అతకదు" అన్నాడు.

మాలో పదో దినం పొద్దున, పిండానికి ముందు, మంగలి వచ్చి కర్మ పట్టినవాడి తల, మీసం తీస్తాడు. భార్య కోసం మొగుడు ఇచ్చేది అది.

"తల గూడ తియ్యి కొడుకా" అన్నాను.

"తల అవసరం లేదంకుల్. టైం లేదు."

"నా భార్య పోయి ఎనిమిదొద్దులైంది."

అతను అటూ ఇటూ చూశాడు. మౌనిక సిస్టర్ సైగ చేసినట్టుంది. మీసం తీసి, ట్రిమ్మర్‌ను నుదుటి నుంచి వెనక్కి మూడు నాలుగుసార్లు లాగాడు. సరిగ్గా రాలేదు, అక్కడక్కడ మిగిలింది. నాకది చాలు. ఆ పొద్దున నేను ఏడ్చాను. అతను నొప్పి అనుకుని "అయిపోయింది, అయిపోయింది" అంటున్నాడు.

రవీందర్ సంతకం పెట్టడానికి వచ్చాడు. స్ట్రెచర్ పట్టుకుని లిఫ్టు దాకా నడిచాడు. "బావా, పదో దినం సంగతి నాకిడువు. నువ్వు పాణంతోని రా" అన్నాడు. వాడు నా చెయ్యి పట్టుకున్నాడని, అంటు గింటు ఏమీ చూడలేదని, నాకు చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది.

నాలుగు గ్రాఫ్టులు, అంటే రక్తానికి నాలుగు కొత్త దార్లు, వేశారు. సర్జన్ భయపడినట్టే రక్తం ఆగలేదు. అదే సాయంత్రం మళ్లీ తెరిచి, కారుతున్న చోట కట్టి మూశారు. ఇవన్నీ తర్వాత చెబితే తెలిసినవి. నాకు తెలిసింది గొంతులో గొట్టం, కట్టేసిన చేతులు, దాహం. నీళ్లు అడగడానికి నోరు లేదు. గొట్టం తీశాక గొంతు నాది కాదన్నట్టు గరగరమంది. మొదటి మాటగా అడిగాను: "ఇయ్యాల ఎన్నో దినం?"

"పోస్ట్ ఆప్ సెకండ్ డే అంకుల్" అంది ఆ డ్యూటీలో ఉన్న సిస్టర్.

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. పదో దినం. గోడ గడియారంలో పదకొండు దాటింది. అప్పటికి పిండం పెట్టేసి ఉంటారు. నేను అక్కడ లేను.

ఆ మధ్యాహ్నమే కిడ్నీ డాక్టర్ వచ్చాడు. క్రియాటినిన్ పెరుగుతోంది, యూరిన్ తగ్గింది, రేపటికి ఇలాగే ఉంటే ఒకట్రెండు సార్లు డయాలసిస్ అవసరం పడొచ్చు అన్నాడు. కాసేపటికి ఎందుకైనా మంచిదని మిషన్ తోసుకొచ్చి నా మంచం పక్కన నిలబెట్టారు. సరోజనకు పెట్టిన రకమే. దాని మీటలు, దాని చప్పుడు, ఎర్ర లైటు వెలిగితే ఏం చేయాలో కూడా నాకు తెలుసు. మిషన్ పక్కన, మూడేళ్లు నేను కూర్చున్న వైపుకు చూశాను. అలాంటి కుర్చీయే అక్కడా ఉంది, ఖాళీగా. నేను ఆమె పక్కన కూర్చుని పేపర్ చదివేవాణ్ని. "జర నాతోని మాట్లాడరాదూ" అనేది. చదివింది ఏమీ గుర్తులేదు ఇప్పుడు.

మర్నాడు పొద్దునకు యూరిన్ వచ్చింది. ఆ సంచీలో నీళ్లు చూసి అంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు. మిషన్ వాడకుండానే తీసుకుపోయారు.

పదమూడో రోజు రూముకు మార్చారు. అంటు తీరిపోయింది కాబట్టి చిన్నత్త వచ్చింది. గుమ్మంలోనే నిలబడి నా గొరిగిన తలను, కుట్లను చూసింది. ఆమె ఏమంటుందోనని నేను భయపడుతున్నాను.

"రవీందర్ చేసిండు. కాకి గూడ దబ్బుననే ముట్టింది" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పిండం పెట్టేటప్పుడు అందరం సరోజనకు మొక్కాలె గద. ఒక్కరి నోట్ల గూడ ఆమె పేరు రాలే అల్లుడా. సాంబయ్య బతకాలె, సాంబయ్య బతకాలె అనే మొక్కినం. ఆమె గూడ గదే కోరుకునేది."

అంతమంది నా పేరు తలచుకుంటున్న ఆ పూట, నాకెవరూ లేరని గడియారం చూస్తూ పడుకున్నాను. దగ్గు వచ్చింది. దగ్గినప్పుడు ఛాతీ ఎముక కదలకుండా దిండు గట్టిగా హత్తుకోవాలని నేర్పించారు. దిండు దూరంగా ఉంది. చిన్నత్త అందుకుని నా రొమ్ముకు పెట్టి తన రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

ఆరు వారాలు రవీందర్ ఇంట్లో, నెక్కొండలో ఉన్నాను. వెల్లకిలా తప్ప పడుకోకూడదు. నీళ్ల బిందె ఎత్తకూడదు. నరం తీసిన కాలు వాచేది, దురద పెట్టేది. నడక మాత్రం రోజూ పెంచాను, మొదట వాకిలి దాకా, తర్వాత రైల్వే స్టేషన్ దాకా. ఆ తర్వాత ఉండమని వాళ్లెంత చెప్పినా నా ఇంటికి వచ్చేశాను. తాళం తీసి నేరుగా వంటింట్లోకి పోయాను. ఆమె నీళ్లు కొలిచే గ్లాసు స్టవ్ పక్కనే ఉంది. ఆపరేషన్ నొప్పికి గోలీ ఉంది. ఈ నొప్పికి లేదు. డాక్టర్లు ఈ సంగతి చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను: గుండె ఆపరేషన్ తర్వాత ఏ కారణం లేకుండా ఏడుపొస్తుంది, కారణం ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ వస్తుంది. చెకప్‌లో అడిగితే సర్జన్ కూడా "అవుతుంది, సిగ్గుపడకు, మరీ ఎక్కువైతే చెప్పు" అన్నాడు.

ఇప్పుడు షాపు మళ్లీ నడుస్తోంది. షట్టర్‌ను పక్క దుకాణంవాళ్లు ఎత్తుతారు. బరువు మోటర్లు దింపడం రైతుల పనే. కూర్చుని తీగ చుట్టడం మాత్రం నాది. రఘునాథపల్లి ఆయన మోటర్ ఆలస్యంగా ఇచ్చాను. సంగతి తెలిసి ఆయన తల దించుకుని నిలబడ్డాడు. షుగర్ గోలీ ఒక్క రోజు తప్పడం లేదు. ఒంటరితనం పోలేదు, పోతుందని ఎవరైనా చెబితే నమ్మను. సాయంత్రం షాపు మూసేటప్పుడు ఎవరింటికి పోతున్నానో కాసేపు తెలియదు.

చదివేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. చావు ఇంట్లో ఉన్నా, పెళ్లి ఇంట్లో ఉన్నా, ఛాతీ బరువైనా, దవడ గుంజినా, చల్లటి చెమట పట్టినా దానికి మీరే పేరు పెట్టకండి. ఈసీజీ తీయించి పేరు పెట్టించుకోండి. ఒంటరిగా ఉండేవాళ్లయితే, నొప్పి వచ్చిన మొదటి నిమిషంలోనే ఎవరికి ఫోన్ చేయాలో ఇప్పుడే అనుకుని ఆ మనిషికి చెప్పి పెట్టండి. నాకు లక్ష్మక్క ఉంది. రెండుసార్లు చేశాను. రెండుసార్లూ ఛాతీ ఎముక నొప్పే అని తేలింది. రెండోసారి "మళ్ల జేస్తవా?" అని అడిగితే చేస్తానన్నాను. "గట్లుండాలె" అంది.

మొన్న సరోజన సంవత్సరీకం అయింది. ఈసారి నా చేతులతోనే పెట్టాను. కార్యం అయ్యేదాకా కర్త పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు. పంతులు ఆలస్యంగా వచ్చాడు, ఎండ ఎక్కింది. తడిబట్టలతో పీట మీద కూర్చుని అన్నం ముద్దలు చేస్తున్నాను. చిన్నత్త లేచి వంటింట్లోకి పోయింది. ఒక చేతిలో జావ గ్లాసు, ఇంకో చేతిలో నా గోలీల డబ్బాతో వచ్చి నా పక్కన కూర్చుంది. పంతులు మంత్రం ఆపి, "అమ్మా, ఇంకా కాలేదు, మధ్యలో ముట్టకూడదు" అన్నాడు.

"నువ్వు జర ఆగు అయ్యగారూ" అంది చిన్నత్త. డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది. "ముందుగాల గోలీలేస్కో అల్లుడా. సరోజన ఎటు వోదు, ఆగుతది."